అమ్మీటరు దారిలో నిలబడే పరికరం: ఏసీ కరెంటును సురక్షితంగా కొలవడం ఎలా

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో సెల్లార్‌లోనో, గేటు పక్కనున్న చిన్న గదిలోనో గోడకు బిగించిన ఒక ఇనుప పెట్టె కనిపిస్తుంది. బోరుబావిలోని సబ్‌మెర్సిబుల్ మోటారును నడిపే ప్యానెల్ బోర్డు అది. దాని ముఖాన ఒక వోల్ట్‌మీటరు, ఒక అమ్మీటరు, రెండు మూడు దీపాలు, స్టార్టు, స్టాపు బటన్లు ఉంటాయి. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చి మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారిలో ఎవరైనా నివాసుల సంఘం బాధ్యత తీసుకున్నారంటే, ఆ పెట్టె ముందు నిలబడి మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతోందని మెకానిక్‌ను అడగవలసిన రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. 2024 వేసవిలో నగరంలో వేలాది బోర్లు ఎండిపోయినప్పుడు ఈ ప్రశ్నకు విలువ మరింత పెరిగింది. బోరులో నీరు తగ్గి పంపు ఒట్టిగా తిరగడం మొదలైతే, నీటిని ఎత్తే పని లేకపోవడంతో మోటారు తీసుకునే కరెంటు మామూలు స్థాయి కంటే కిందికి దిగుతుంది. ఇసుక పట్టి ఇంపెల్లర్లు (నీటిని నెట్టే చక్రాలు) బిగుసుకున్నా, బేరింగులు అరిగినా, సరఫరా వోల్టేజి బాగా పడిపోయినా కరెంటు పైకి లేస్తుంది. వందల అడుగుల లోతున జరిగే ఈ మార్పులన్నిటినీ పైనుండి చూపించేది అమ్మీటరు ముల్లు ఒక్కటే.

అంత పనికొచ్చే మీటరు పాడైనప్పుడు కొత్తది తెచ్చి బిగించడం చిన్న పనిలాగే కనిపిస్తుంది. వెనుక రెండు టెర్మినళ్లు, వాటికి రెండు తీగలు, అంతే కదా అనిపిస్తుంది. పక్కనే ఉన్న వోల్ట్‌మీటరుకు కూడా రెండు టెర్మినళ్లే ఉంటాయి, పరిమాణం కూడా ఒకటే, చాలా కంపెనీల మీటర్లలో డయలు మీద అక్షరం తప్ప వేరే తేడా ఉండదు. ప్రమాదం ఈ పోలికలోనే మొదలవుతుంది. దానికి మన వాడుక భాష కూడా కొంత తోడ్పడుతోందని చెప్పాలి. తెలుగులో "కరెంటు పోయింది" అంటే సరఫరా ఆగిందని అర్థం, "కరెంటు తక్కువొస్తోంది" అంటే వోల్టేజి పడిపోయిందని అర్థం, "కరెంటు కొట్టింది" అంటే షాక్ తగిలిందని అర్థం. మూడు వేర్వేరు విషయాలకు ఒకే మాట ఉన్నందువల్ల, కరెంటు కొలవడమంటే ఫేజుకు ఒక తీగ, న్యూట్రల్‌కు ఒక తీగ తగిలించి చూడటమే అనుకునే అవకాశం ఎక్కువ. వోల్టేజి విషయంలో అది సరైన పద్ధతే. అమ్మీటరు విషయంలో మాత్రం ఆ పని నేరుగా షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

వోల్టేజి అనేది రెండు బిందువుల మధ్య ఉండేది, కరెంటు అనేది ఒక దారిలో పారేది. చెరువులో నీటిమట్టం తెలుసుకోవడానికి గట్టున పాతిన కొలబద్ద చాలు, కాని కాలువలో ఎంత నీరు పోతోందో తెలియాలంటే ఆ నీరంతా కొలిచే తూము గుండానే పోవాలి. అందుకే అమ్మీటరును లోడుతో శ్రేణిలో, అంటే మోటారుకు వెళ్లే తీగను ఒక చోట తెంచి ఆ రెండు కొసల మధ్య కలుపుతారు. దారిలో నిలబడినా దారికి అడ్డు కాకూడదు కనుక దాని నిరోధం చాలా తక్కువగా ఉండేట్టు తయారుచేస్తారు. 30 ఆంపియర్ల ప్యానెల్ మీటరు పూర్తి స్కేలు దగ్గర ఒకటి రెండు వోల్ట్-ఆంపియర్లు మాత్రమే ఖర్చు చేస్తుందనుకుంటే, దాని ఆటంకం ఓమ్‌లో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆ లెక్కన విద్యుత్తు దృష్టిలో అది మీటరు కాదు, ఒక రాగి ముక్క. దానిని ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య కలపడం ఆ రెంటినీ ఒక రాగి కడ్డీతో కలపడంతో సమానం.

అలా కలిపితే ఎంత కరెంటు పారుతుందన్నది మీటరు మీద ఆధారపడదు, దాని వెనుక ఉన్న తీగల మీద, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆధారపడుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం కిలోమీటరుకు సుమారు 7.4 ఓమ్‌లు. బోర్డు నుంచి గదిలోని సాకెట్ వరకు 15 మీటర్లు ఉంటే, పోను రాను 30 మీటర్లకు 0.22 ఓమ్‌లు అవుతుంది. బయటి సర్వీసు తీగను కూడా కలుపుకొని మొత్తం 0.4 ఓమ్‌లు అనుకున్నా, 230 వోల్టుల దగ్గర 575 ఆంపియర్లు పారతాయి. సి-రకం 16 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తనంతట తాను తెగే చిన్న స్విచ్, తన విలువకు 5 నుంచి 10 రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్ల మధ్య తక్షణమే ట్రిప్ అవుతుంది కాబట్టి ఇంట్లో ఈ పొరపాటు సాధారణంగా ఒక పెద్ద మెరుపుతో, కాలిపోయిన మీటరుతో ముగుస్తుంది. అపార్ట్‌మెంట్ మెయిన్ ప్యానెల్ దగ్గర పరిస్థితి ఇలా ఉండదు. 250 కేవీఏ సామర్థ్యం గల 11,000/433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు కరెంటు సుమారు 333 ఆంపియర్లు, దాని ఇంపీడెన్సు (లోపలి ఆటంకం) 4.5 శాతం ఉంటే దాని టెర్మినళ్ల దగ్గర షార్ట్ సర్క్యూట్ కరెంటు దాదాపు 7,400 ఆంపియర్లకు చేరుతుంది. ఇళ్లలో వాడే ఎంసీబీల్లో చాలావాటి మీద రాసి ఉండే తెంచగల సామర్థ్యం 6,000 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎంత దగ్గరగా జరిగితే ఆ చిన్న స్విచ్ మీద పెట్టుకునే నమ్మకం అంత తగ్గించుకోవాలి. ఇలాంటి భారీ కరెంట్లను ప్రయోగశాలలో సృష్టించి బ్రేకర్లను, ట్రాన్స్‌ఫార్మర్లను పరీక్షించే సెంట్రల్ పవర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1960లో ఏర్పడి బెంగళూరులోనే పనిచేస్తోంది. అంతటి కట్టుదిట్టాల మధ్య జరిగే పరీక్ష చేతిలో స్క్రూడ్రైవరున్న మనిషి ముఖానికి అడుగు దూరంలో జరగకూడదు.

శ్రేణిలో కలపాలని తెలిసిన తరువాత, దారిలో ఏ చోట కలపాలన్నది రెండో ప్రశ్న. బెంగళూరు విద్యుత్ పంపిణీ సంస్థ బెస్కాం సీలు వేసిన ఎనర్జీ మీటరుకు, వినియోగదారుడి మొదటి స్విచ్‌కు మధ్య ఉన్న తీగలను వినియోగదారుడు స్వయంగా ఆపలేడు. ఆపలేని తీగను తెంచనూ కూడదు కనుక ఆ భాగంలో అమ్మీటరు మాట తలపెట్టకూడదు. మోటారు ప్యానెల్‌లో ఎంసీబీ దాటిన తరువాత, మోటారుకు పోయే ఫేజు తీగలో అమ్మీటరు ఉండాలి. అప్పుడు ఎంసీబీని దించగానే మీటరు టెర్మినళ్లు కూడా నిర్జీవమవుతాయి, మీటరులోనో దాని తీగల్లోనో లోపం తలెత్తితే దానిని కూడా అదే ఎంసీబీ కాపాడుతుంది.

ఫేజులోనే ఎందుకు, న్యూట్రల్‌లో పెడితే రీడింగు మారుతుందా అని అడిగేవారుంటారు. మారదు. ఒకే దారిలో ఎక్కడ కొలిచినా కరెంటు ఒకటే కాబట్టి కొలత వరకు రెండూ సమానం. తేడా వచ్చేది మీటరు టెర్మినల్ వదులై తీగ ఊడిపోయినప్పుడు. ఫేజులో ఊడితే మోటారు ఆగిపోతుంది, దాని తీగలకు సరఫరా అందదు. న్యూట్రల్‌లో ఊడినా మోటారు ఆగుతుంది, కాని దాని వైండింగు ద్వారా ఫేజు వోల్టేజి అవతలి కొస దాకా వచ్చి నిలబడి ఉంటుంది. ఆగిపోయింది కదా అని తీగను పట్టుకున్నవాడికి పూర్తి 230 వోల్టులు తగులుతాయి. మూడు ఫేజుల సరఫరాలో ఉమ్మడి న్యూట్రల్ తెగితే నష్టం ఇంకా విస్తరిస్తుంది: తక్కువ లోడు ఉన్న ఫేజు మీది ఇళ్లలో వోల్టేజి 230 నుంచి 400 వైపు ఎగబాకి టీవీలు, ఫ్రిజ్‌లు, రూటర్లు ఒకేసారి మాడిపోతాయి. "న్యూట్రల్ ఫెయిలైంది" అన్న మాట వినగానే అపార్ట్‌మెంట్లలో జనం పరుగెత్తి మెయిన్లు ఆపేది ఇందుకే. ఏ పరికరం కోసమూ న్యూట్రల్ దారిలో అనవసరమైన అతుకు పెట్టకపోవడమే మంచిది. ఎర్త్ తీగలో మామూలుగా కరెంటే ఉండకూడదు కాబట్టి అక్కడ అమ్మీటరు ప్రసక్తే లేదు.

దారిలో నిలబడిన మీటరు ఆ దారిలో భాగమే కాబట్టి, మోటారుకు ఏ మందం తీగ వాడారో మీటరుకు పోయి వచ్చే రెండు ముక్కలకూ అదే మందం ఉండాలి. ఈ ఒక్క విషయంలో జరిగే నిర్లక్ష్యం చాలా ఎక్కువ. వోల్ట్‌మీటరుకు, ఇండికేటర్ దీపాలకు వాడిన సన్నని తీగలో మిగిలిన ముక్కతో అమ్మీటరును కలిపేసిన ప్యానెళ్లు ఉంటాయి. వోల్ట్‌మీటరు గుండా పారేది కొన్ని మిల్లీఆంపియర్లే కనుక దానికి సన్న తీగ చాలు. అమ్మీటరు తీగలో మాత్రం మోటారు కరెంటంతా పారుతుంది, స్టార్టయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు పారుతుంది. కొసలకు రింగు లగ్గులు వేసి, క్రింపింగ్ ప్లయరుతో నొక్కి, స్ప్రింగు వాషరుతో బిగించాలి. చేత్తో మెలిపెట్టి నట్టు కింద దూర్చిన తీగ కొన్నాళ్లకు వదులవుతుంది. ఆ వదులు కాంటాక్టులో అర ఓమ్ నిరోధం చేరితే 10 ఆంపియర్లకు 50 వాట్ల వేడి పుడుతుంది. గోరంత చోట 50 వాట్లంటే సోల్డరింగ్ ఐరన్ మొనతో సమానం. ప్యానెల్ వెనుక మాడిన బేక్‌లైట్ వాసనకు, నల్లబడిన టెర్మినళ్లకు మీటరు లోపం కంటే ఇదే ఎక్కువసార్లు కారణం. టెర్మినళ్ల మీద ప్లాస్టిక్ కవరు తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే మీటరు ముఖం ఎంత అందంగా ఉన్నా వీపు మీద పూర్తి ఫేజు ఉంటుంది.

ఏ మీటరు కొనాలన్నది కూడా భద్రతకు సంబంధించిన విషయమే. బీవీకే అయ్యంగార్ రోడ్డు విద్యుత్ సామాన్ల దుకాణాల్లో పెట్టెలు పెట్టెలుగా దొరికే సాధారణ ముల్లు అమ్మీటర్లు మూవింగ్ ఐరన్ రకానివి. స్థిరంగా ఉన్న తీగచుట్ట గుండా కరెంటు పారినప్పుడు లోపలి ఇనుప ముక్కలు అయస్కాంతీకరణ చెంది ముల్లును తిప్పుతాయి. కరెంటు దిశ మారితే అయస్కాంతీకరణ దిశ కూడా మారుతుంది కనుక ముల్లు మాత్రం ఒకే వైపు తిరుగుతుంది. అందుకే ఏసీకి ఈ రకం సరిపోతుంది. తిప్పే బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉండటం వల్ల ఇది ఆర్‌ఎమ్‌ఎస్ విలువనే, అంటే అంతే వేడి పుట్టించే డీసీతో సమానమైన విలువనే చూపుతుంది, అదే కారణంగా దీని స్కేలు మొదట్లో గీతలు కిక్కిరిసి పోనుపోను విడివడతాయి. డీసీ కోసం తయారైన మూవింగ్ కాయిల్ మీటరులో శాశ్వత అయస్కాంతం ఉంటుంది. దానికి ఏసీ ఇస్తే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ లాగబడి, అంత వేగంగా కదలలేని ముల్లు సున్నా దగ్గరే సన్నగా వణుకుతూ నిలుస్తుంది. లోపలి సన్నని కాయిల్ మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది. అమ్మీటరు సున్నా చూపింది కాబట్టి తీగలో కరెంటు లేదనుకొని చెయ్యి పెట్టడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది. నిజానికి సరైన మీటరు సున్నా చూపినా అంతే: పారే కరెంటు లేకపోవడం వేరు, తీగలో వోల్టేజి లేకపోవడం వేరు. ఆగి ఉన్న మోటారు తీగలో మొదటిది లేకపోయినా రెండోది ఉండవచ్చు.

స్కేలు ఎంపికలో ఎక్కువది తీసుకుంటే మంచిదన్న అభిప్రాయం సరికాదు. ఐఎస్ 1248 ప్రమాణం ప్రకారం ఇలాంటి మీటర్ల కచ్చితత్వాన్ని తరగతులుగా చెబుతారు. 1.5 తరగతి అంటే పూర్తి స్కేలులో ఒకటిన్నర శాతం వరకు తేడా ఉండవచ్చు. 30 ఆంపియర్ల మీటరులో అది 0.45 ఆంపియరు, అంటే 3 ఆంపియర్లు చూపుతున్న చోట 15 శాతం తప్పు. సుమారు 10 ఆంపియర్లు తీసుకునే ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారుకు 15 లేదా 20 ఆంపియర్ల స్కేలు ఉంటే ముల్లు మధ్యకు, మూడు వంతులకు నడుమ నిలిచి, బోరు ఎండినప్పుడు వచ్చే తగ్గుదల స్పష్టంగా కనిపిస్తుంది. స్టార్టింగు కరెంటుకు ముల్లు ఒక్క క్షణం చివరికి కొట్టుకున్నా మంచి మూవింగ్ ఐరన్ మీటరు తట్టుకుంటుంది.

తీగను తెంచి మీటరు పెట్టాలంటే ముందు సరఫరా ఆపాలి. వినడానికి ఇంత సులువైన మాట బెంగళూరు అపార్ట్‌మెంట్లలో అంత సులువుగా జరగదు. బయటి సరఫరా పోయిన కొన్ని సెకన్లలో డీజిల్ జనరేటరు తనంతట తాను అందుకుంటుంది. కరెంటు పోయింది కదా, ఈలోగా పని కానిచ్చేద్దామని ప్యానెల్‌లో చెయ్యి పెట్టినవాడి వేళ్ల మధ్యకే ఆ సరఫరా వస్తుంది. ట్యాంకులో నీరు తగ్గగానే మోటారును ఆన్ చేసే లెవెల్ కంట్రోలరు, టైమరు, మొబైల్ ఫోన్‌తో నడిచే స్టార్టరు ఇవన్నీ ఎదురుగా మనిషి ఉన్నాడో లేడో చూసుకోవు. అందువల్ల స్టాపు బటన్ నొక్కడం సరఫరా ఆపడం కిందికి రాదు. ఎంసీబీని దించి, అది మళ్లీ పైకి లేవకుండా తాళం వేసి, తాళంచెవి పనిచేసే మనిషి జేబులో ఉంచుకోవాలి. ఆ తరువాత వోల్టేజి లేదని నిర్ధారించుకోవాలి. అందుకు వాడే మీటరును ముందు సరఫరా ఉందని తెలిసిన చోట పరీక్షించి, తరువాత ప్యానెల్‌లో చూసి, మళ్లీ తెలిసిన చోట చూడాలి. మధ్యలో మీటరే చచ్చిపోయి ఉంటే ఈ మూడో పరీక్ష దానిని పట్టిస్తుంది. నియాన్ టెస్టరు వెలగకపోవడాన్ని ఈ పనికి సాక్ష్యంగా తీసుకోకూడదు, ఎందుకంటే దాని వెలుగు పట్టుకున్న మనిషి ఒంటి గుండా నేలకు పోయే అతి కొద్ది కరెంటు మీద ఆధారపడుతుంది. పొడి చెప్పులతో చెక్కబల్ల మీద నిలబడితే పగటి వెలుతురులో అది కనిపించకపోవచ్చు.

సింగిల్ ఫేజు ప్యానెల్‌లో కెపాసిటర్లు కూడా ఉంటాయి. స్టార్టు బటన్ వదలగానే సర్క్యూట్ నుంచి విడిపోయే స్టార్టింగ్ కెపాసిటరు విడిపోయిన క్షణంలో ఉన్న ఛార్జిని పట్టుకొని ఉండిపోవచ్చు. 230 వోల్టుల ఏసీ శిఖర విలువ 325 వోల్టులు, మోటారు ప్యానెల్‌లో కెపాసిటరు మీద అంతకంటే ఎక్కువ కూడా నిలవగలదు. దానిని స్క్రూడ్రైవరుతో చరిచి ఖాళీ చేసే అలవాటు మానుకొని, 10 కిలో ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టరును ఇన్సులేషన్ ఉన్న తీగలతో కొన్ని సెకన్లపాటు తగిలించి ఖాళీ చేయాలి, తరువాత వోల్ట్‌మీటరుతో సరిచూడాలి.

చేతి మల్టీమీటరుతో మెయిన్స్ కరెంటు కొలవవచ్చా అన్నది ఎస్‌పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో తొలి మీటరు కొన్న కుర్రాళ్లందరికీ వచ్చే ప్రశ్న. వీలవుతుంది, కాని చేయకపోవడమే మంచిది. మల్టీమీటరులో కరెంటు కోసం వేరే రంధ్రం ఉంటుంది, ఆ రంధ్రానికి, కామన్ రంధ్రానికి మధ్య ఉన్నది అతి తక్కువ నిరోధం. ఒకసారి ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి కొలిచి, మరునాడు దానిని మార్చడం మరచిపోయి, డయలును మాత్రం వోల్టుల వైపు తిప్పి సాకెట్‌లో ప్రోబులు పెడితే జరిగేది పైన చెప్పిన షార్ట్ సర్క్యూటే. డయలు తిప్పినంత మాత్రాన రంధ్రం లోపలి కనెక్షన్ మారదు. మంచి మీటరులో ఆ దారిలో వేల ఆంపియర్లను సురక్షితంగా తెంచగల హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు ఉంటుంది. చవక మీటర్లలో 10 ఆంపియర్ల రంధ్రానికి అసలు ఫ్యూజే ఉండదు, ఆ సంగతి ముఖం మీద చిన్న అక్షరాలతో రాసే ఉంటుంది. గాజు గొట్టపు ఫ్యూజు భారీ కరెంటు దగ్గర పగిలి, లోపలి ఆవిరిలో ఆర్క్ కొనసాగవచ్చు. మీటరు మీద అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61010 ప్రకారం రాసే క్యాట్ గుర్తు (అది ఏ చోట వాడటానికి తగినదో చెప్పే వర్గం) కూడా చూడాలి: ఇంటి సాకెట్ దగ్గర వాడేందుకు క్యాట్ 2 సరిపోతే, పంపిణీ ప్యానెల్ దగ్గర క్యాట్ 3, సర్వీసు తీగ దగ్గర క్యాట్ 4 అవసరమవుతాయి. కాలిన ఫ్యూజు చోట రాగి తీగ చుట్టిన మీటరును ఇంట్లో ఉంచుకోవడం కంటే పారేయడం మేలు.

తీగను తెంచకుండా కొలిచే పద్ధతి ఉన్నప్పుడు తెంచే పద్ధతిని ఎందుకు ఎంచుకోవాలి? మెకానిక్‌లు టాంగ్ టెస్టర్ అని పిలిచే క్లాంప్ మీటరు దవడలను తెరిచి తీగ చుట్టూ మూస్తే చాలు. తీగ చుట్టూ ఏర్పడే, క్షణక్షణం మారే అయస్కాంత అభివాహం దవడల కోర్‌లోని చుట్టలో కరెంటును ప్రేరేపిస్తుంది. తాత్కాలికంగా చూసుకోవడానికి ఇంతకంటే సురక్షితమైన సాధనం లేదు. అయితే దవడల మధ్య ఒకే తీగ ఉండాలి. మూడు తీగలున్న కేబుల్ మొత్తాన్ని పట్టుకుంటే పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి రద్దు చేసుకొని సున్నా చూపుతుంది. ఈ రద్దు ఒక రకంగా వరం కూడా. ఫేజును, న్యూట్రల్‌ను కలిపి పట్టుకున్నప్పుడు సున్నా రాకుండా ఎంతో కొంత చూపితే, అంత కరెంటు తిరిగి రావలసిన దారిలో రాకుండా తడిసిన కేబుల్ నుంచో వైండింగు నుంచో భూమిలోకి పోతోందని అర్థం. మిల్లీఆంపియర్లు చూపగల లీకేజి క్లాంప్‌తో బోరు మోటారు కేబుల్ ఆరోగ్యాన్ని ఇలా కనిపెట్టవచ్చు. 10 ఆంపియర్ల మోటారు ప్యానెల్ అమ్మీటరులో 30 మిల్లీఆంపియర్ల లీకేజి ముల్లు మందంలో కూడా కనిపించదు, మనిషి ప్రాణానికి మాత్రం ఆ 30 మిల్లీఆంపియర్లే ప్రమాదపు హద్దు. ఆ పని లీకేజిని పసిగట్టి సరఫరా తెంచే ఆర్‌సీసీబీదే తప్ప అమ్మీటరుది కాదు. లోడు మరీ చిన్నదైతే ఫేజు తీగను దవడల చుట్టూ పది చుట్లు తిప్పి, వచ్చిన రీడింగును పదితో భాగిస్తే విలువ స్పష్టంగా తెలుస్తుంది.

క్లాంప్ మీటరులోని సూత్రాన్నే ప్యానెల్‌లో శాశ్వతంగా అమర్చితే అది కరెంటు ట్రాన్స్‌ఫార్మర్, వాడుకలో సీటీ. దీని అవసరం భారీ వోల్టేజి లైన్ల దగ్గర తేటగా కనిపిస్తుంది. 1902లో శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు దాదాపు 147 కిలోమీటర్ల లైను వేసి పదుల వేల వోల్టుల విద్యుత్తును పంపారు. అంత వోల్టేజి ఉన్న తీగను తెచ్చి, మనిషి నిలబడి చూసే ప్యానెల్‌లోని మీటరు గుండా పోనివ్వడం ఎవరికీ క్షేమం కాదు. తీగను దాని దారిన పోనిచ్చి, దాని చుట్టూ ఉన్న కోర్ ద్వారా దానికి అనుపాతంగా ఉండే చిన్న కరెంటును వేరుగా మీటరుకు తెచ్చుకోవాలి. అపార్ట్‌మెంట్ మెయిన్ ప్యానెల్‌లో వోల్టేజి అంత లేకపోయినా వందల ఆంపియర్లుంటాయి కనుక అక్కడా ఇదే మార్గం. 200/5 సీటీ అంటే ప్రధాన తీగలో (ప్రైమరీలో) 200 ఆంపియర్లు పారితే కోర్ మీది చుట్టలో (సెకండరీలో) 5 ఆంపియర్లు పారతాయని అర్థం. 120 ఆంపియర్లకు 3 ఆంపియర్లు వస్తాయి, మీటరు డయలు మాత్రం 120 అనే చూపేట్టు గీసి ఉంటుంది.

సీటీ దగ్గర ఇంతవరకు చెప్పిన నియమం తలకిందులవుతుంది, అసలు తికమకంతా ఇక్కడే. ఇంటి సరఫరా వోల్టేజిని స్థిరంగా పట్టి ఉంచుతుంది, కరెంటు ఎంతైనా పోనిస్తుంది. అందుకే అక్కడ షార్ట్ చేయడం ప్రమాదం, తెరిచి ఉంచడం క్షేమం. సీటీ సెకండరీ అందుకు పూర్తిగా భిన్నం. ప్రధాన తీగలో ఎంత పారాలన్నది భవనంలోని లిఫ్టులు, పంపులు, దీపాలు నిర్ణయిస్తాయి. సీటీ దానిలో నలభయ్యో వంతును ఎలాగైనా పారించి తీరాలని చూస్తుంది, అందుకు ఎంత వోల్టేజి కావలసివస్తే అంత పెంచుతుంది. మామూలు స్థితిలో ప్రైమరీలోని 200 ఆంపియర్లు, ఒక చుట్టు కలిగించే ప్రభావాన్ని సెకండరీలోని 5 ఆంపియర్లు, 40 చుట్లు దాదాపు పూర్తిగా రద్దు చేస్తాయి, కోర్‌లో మిగిలే అభివాహం చాలా స్వల్పం. సెకండరీని తెరిస్తే ఆ రద్దు చేసేది మాయమై, 200 ఆంపియర్-చుట్లూ కోర్‌ను అయస్కాంతీకరించడానికే పోతాయి. ప్రతి అర్ధచక్రంలోనూ కోర్ సంతృప్తమై, కరెంటు సున్నా దాటే క్షణంలో అభివాహం ఒక కొస నుంచి మరో కొసకు ఎగురుతుంది. అంత వేగపు మార్పు వల్ల తెరిచిన కొసల మధ్య వందల నుంచి వేల వోల్టుల శిఖరాలు పుడతాయి. ఇన్సులేషన్ చిల్లులు పడుతుంది, కోర్ కాలుతుంది, ఆ కొసను పట్టుకున్న చేతికి ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

అందువల్ల సీటీకి కలిపిన అమ్మీటరును మార్చేటప్పుడు ముందుగా సెకండరీలోని ఎస్1, ఎస్2 టెర్మినళ్లను షార్టింగ్ లింకుతో కలిపి, అది గట్టిగా కూర్చుందని చూసిన తరువాతే మీటరు తీగను విప్పాలి. కొత్త మీటరు బిగించాకే లింకును తీయాలి. వీలైతే ప్రధాన సరఫరా ఆపి చేయడం అంతకంటే మంచిది. సీటీ సెకండరీలో ఫ్యూజు పెట్టకూడదు, ఎందుకంటే ఫ్యూజు పోవడమంటే సెకండరీ తెరుచుకోవడమే. ఒకే అమ్మీటరుతో మూడు ఫేజులనూ చూసే సెలెక్టర్ స్విచ్ కూడా పాత కాంటాక్టును వదిలే ముందే తరువాతి కాంటాక్టును పట్టుకొనే రకమై, చూడని ఫేజుల సీటీలను షార్ట్ చేసి ఉంచేదై ఉండాలి. వోల్ట్‌మీటరు సెలెక్టర్ స్విచ్ ఈ పనికి పనికిరాదు. సెకండరీలో ఒక కొసను, ఒకే ఒక చోట ఎర్త్ చేయాలి. ప్రైమరీ ఇన్సులేషన్ ఎప్పుడైనా దెబ్బతింటే ఆ వోల్టేజి మీటరు దాకా రాకుండా అదే అడ్డుకుంటుంది. మూడు ఫేజుల మెయిన్ ప్యానెల్‌లో ఈ పనులన్నీ రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు మనుషులు చేయవలసినవే.

మీటరు దూరంగా ఉంటే తీగ కూడా సీటీకి భారమవుతుంది. 10 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ పోను రాను 0.148 ఓమ్‌లు, 5 ఆంపియర్లకు అది 3.7 వోల్ట్-ఆంపియర్లు. 5 వోల్ట్-ఆంపియర్ల భారం మోయగల సీటీకి మీటరు బరువు కూడా తోడైతే అంతటితో హద్దు వచ్చేస్తుంది, రీడింగు తక్కువ చూపడం మొదలవుతుంది. సెకండరీ 1 ఆంపియర్ రకమైతే అదే తీగ బరువు 0.15కు పడిపోతుంది. ఇంట్లో మైక్రోకంట్రోలరుతో విద్యుత్ వాడకం నమోదు చేయాలనుకునే ఇంజనీర్లు వాడే, 100 ఆంపియర్లకు 50 మిల్లీఆంపియర్లు ఇచ్చే చిన్న విడదీసే సీటీకీ ఇదే సూత్రం: తీగ చుట్టూ మూయడానికి ముందే దాని కొసల మధ్య బర్డెన్ రెసిస్టరు (సెకండరీ కరెంటు పారేందుకు దారి ఇచ్చే నిరోధం) సోల్డరై ఉండాలి. బోరు ప్యానెల్‌లో పాత అమ్మీటరు పోయినప్పుడు కూడా, చిన్న వలయం లాంటి సీటీతో వచ్చే డిజిటల్ మీటరును ఎంచుకోవడం మేలైన మార్గం. మోటారు కరెంటు మీటరు టెర్మినళ్లలోకి రాదు కాబట్టి మాడిపోయే అతుకు ఉండదు. ఫేజు తీగను మోటారు వైపు ఒక కొస విప్పి వలయంలోంచి దూర్చి మళ్లీ బిగించాలి, ఆ ఒక్కసారి సరఫరా ఆపక తప్పదు.

పని ముగిశాక సరఫరా ఇచ్చే ముందు మోటారు వైపు నుంచి దారిని ఒకసారి వేలితో వెంబడించి చూడాలి: ఎంసీబీ, స్టార్టరు, మీటరు, మోటారు, తిరిగి న్యూట్రల్. మీటరు రెండు టెర్మినళ్లలో ఏ ఒక్కటైనా నేరుగా న్యూట్రల్‌కు పోతోందంటే అక్కడ ఆగిపోవాలి. ప్యానెల్ తలుపు మూసి, పక్కగా నిలబడి ఎంసీబీని ఎక్కించి మోటారును స్టార్టు చేస్తే ముల్లు ఒక్కసారి ఎగిరి రెండు మూడు సెకన్లలో ఒక చోట నిలుస్తుంది. అదే సమయంలో టాంగ్ టెస్టరుతో చూసి రెండూ కలుస్తున్నాయో లేదో సరిచూసి, వోల్టేజితో సహా ఆ అంకెను, తేదీని తలుపు లోపలి వైపు అంటించిన కాగితం మీద రాయాలి. ఒక వారం నడిచిన తరువాత మళ్లీ సరఫరా ఆపి టెర్మినళ్లను బిగించి చూడాలి, కొత్త లగ్గులు వేడికి సర్దుకొని కొద్దిగా వదులవుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వోల్టేజి ఎప్పటిలాగే ఉండి ముల్లు మాత్రం ఆ రాసిన అంకెకు దిగువన నిలిచిందంటే, మోటారును ఆపి బోరుకు కొన్ని గంటలు ఊట ఊరనివ్వాలి.